జేబులో ఉండిపోయిన చెక్కు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను జమాఖర్చులు చదవమన్నారు. అవి అచ్చువేసి మీ చేతికిచ్చారు కాబట్టి మళ్లీ చదివి మీ సమయం తినను. ఈసారి డబ్బు లెక్క కాకుండా టైము లెక్క చెప్తానని అధ్యక్షుల వారిని అడిగాను, ఆయన ఒప్పుకున్నారు. మీరిచ్చిన రూపాయి ఎక్కడికి పోయిందో ఆడిటర్ చూస్తాడు. అది వెళ్లాల్సిన రోజుకే వెళ్లిందా లేదా అన్నది మాత్రం ఏ ఆడిటరూ చూడడు.

మీలో చాలామందికి తెలుసు, నేను పోస్టాఫీసు మనిషిని. పోస్టుమ్యాన్‌గా చేరి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. 38 ఏళ్ల సర్వీసులో ఒక్క రిజిస్టర్డ్ ఉత్తరం కూడా నా జేబులో ఉండిపోయి రాత్రి మా ఇంట్లో నిద్రపోలేదు. ఈ మాట నేను గర్వంగా చెప్పుకుంటూ తిరిగేవాణ్ని. అలాంటి నేను, మీరు నమ్మి కోశాధికారిని చేసిన రెండో ఏడాదే, ఒక చెక్కును నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ముందు ఆ సంగతి చెప్పాలి.

సంగడిగుంటలో ఒక చెల్లెలు ఉంది. భర్త పోయాడు. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. ఆ పని ఏంటో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. చేతులు రాత్రంతా మండుతుంటాయి, పిల్లల్ని దగ్గరకు తీసుకోవాలన్నా భయపడతారు. వాళ్లమ్మాయి ఇంటర్ పాసయి నర్సింగులో సీటు తెచ్చుకుంది. మొదటి విడత ఫీజు 18,000 రూపాయలు. గురువారం ఆఖరి రోజు. ఆదివారం మన కమిటీ కూర్చుంది, అర్జీ చూసింది, పది నిమిషాల్లో మంజూరు చేసింది. సోమవారం అసర్ తరువాత ఇద్దరు సంతకాలు పెట్టిన చెక్కు నా చేతికొచ్చింది. ఎవరైనా కుర్రాడితో పంపుతానన్నారు. నేనే వద్దన్నాను. "మా ఇంటికెళ్లే దారేగా, రేపు నేనే ఇచ్చేస్తా, ఇన్షా అల్లాహ్" అన్నాను. చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మంగళవారం పొద్దున్నే తెనాలి నుంచి ఫోను, మా మామగారి తమ్ముడు పోయారని. జనాజాకు వెళ్లి రాత్రికి తిరిగొచ్చాం. బుధవారం ఇంటినిండా చుట్టాలు. ఆ చొక్కా తలుపు వెనక కొక్కేనికి ఉంది, చెక్కు దాని జేబులో ఉంది. గురువారం నేను ఏం చేశానో ఇప్పటికీ గుర్తు రావటం లేదు. ముఖ్యమైన పనేదీ అయ్యుండదు, ఉంటే గుర్తుండేది.

శుక్రవారం జుమా అయ్యాక ఆఫీసులో కూర్చున్నాను. ఆ చెల్లెలు వచ్చి గడప దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "భయ్యా, కమిటీ వాళ్లు ఒప్పుకోలేదా?" అని అడిగింది.

ఆమె నన్ను తిట్టలేదు. మనం ఇవ్వం అన్నామేమో అనుకుంది. సోమవారం నుంచి ఎదురు చూస్తూ, రెండోసారి అడిగితే బాగుండదని ఫోను కూడా చెయ్యలేదు. అడగటానికి సిగ్గుపడే మనిషిని మనం అయిదు రోజులు నిలబెట్టాం. మనం అంటున్నాను గానీ, నేను నిలబెట్టాను. ఆ సాయంత్రమే కాలేజీకి పరుగెత్తాను. సీటు వెయిటింగులో ఉన్న మరో పిల్లకు వెళ్లిపోయింది. తేదీ ముందే చెప్పామండీ అన్నారు. వాళ్ల తప్పేముంది?

ఆ ఏడాదంతా ఆ అమ్మాయి వాళ్లమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీసింది. డబ్బు బ్యాంకులో ఉంది, తీర్మానం పుస్తకంలో ఉంది, చెక్కు నా జేబులో ఉంది. లేనిదల్లా "మంగళవారం, జుహర్ లోపు, సంగడిగుంట, చెక్కు" అన్న ఒక్క గీత. అది ఏ కాగితం మీదా లేదు.

తరువాత చాలా రోజులు నాకు ఒకటే ప్రశ్న. 38 ఏళ్లు తప్పని వాణ్ని ఇక్కడ ఎందుకు తప్పాను? నాకు మతిమరుపు వచ్చిందని మా ఆవిడ అంది. కాదు. అప్పుడూ నా జ్ఞాపకశక్తి గొప్పదేం కాదు. అప్పుడు నేను జ్ఞాపకం మీద ఆధారపడలేదు, అంతే.

పోస్టుమ్యాన్ పని ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున సంచి విప్పగానే ఉత్తరాలు బీటుల వారీగా విడదీస్తారు. మన బీటు ఉత్తరాలు మనం తీసుకుని, నడిచే వరసలో పేర్చుకోవాలి. ముందు ఏ వీధి, ఆ వీధిలో ముందు ఏ ఇల్లు, ఎటు మలుపు అన్నది చూసుకుని కట్టలు కట్టుకోవాలి. పేర్చటానికి పట్టే టైము వృథా అనుకునే కొత్త కుర్రాళ్లు మధ్యాహ్నం మూడింటికి కూడా ఎండలో తిరుగుతూనే ఉండేవారు. రిజిస్టర్డు ఉత్తరాలు, మనియార్డర్లు అయితే సంతకం పెట్టి తీసుకునేవాళ్లం. సాయంత్రం తిరిగొచ్చాక ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాలి. ఇచ్చామా, సంతకం చూపించాలి. ఇవ్వలేదా, ఎందుకు ఇవ్వలేదో దాని మీదే రాయాలి. తలుపు తాళం వేసుంది, మనిషి ఊరు మారాడు, తీసుకోనన్నాడు, ఇలా ఏదో ఒకటి. "మరిచిపోయాను" అని రాయటానికి అక్కడ వీల్లేదు. తంతి వస్తే అన్నీ ఆపి దాన్ని ముందు పంపేవాళ్లం. 2013 జులైలో తంతి సేవ ఎత్తేశారు గానీ, ఏది ముందు అన్న ఆ పాఠం నాతో ఉండాల్సింది.

రిటైరయ్యాక ఆ సంచి, ఆ జాబితా, సాయంత్రం జవాబు అడిగే పెద్దమనిషి అందరూ పోయారు. మిగిలింది నేనూ, నా బుర్రా. సేవ కదా, మనసుంటే చాలు అనుకున్నాను. సొసైటీ పనులు చేసే మనలో చాలామంది అలాగే అనుకుంటాం.

ఆ తరువాత మన మినిట్స్ పుస్తకం తిరగేశాను. అందులో ఒక వాక్యం పేజీ పేజీకీ కనిపించింది: "తగు చర్యలు తీసుకోవాలని తీర్మానించడమైనది." ఎంత అందమైన తెలుగు! ఎవరు తీసుకోవాలి? ఎప్పటిలోపు? ఆ వాక్యంలో మనిషి లేడు, రోజు లేదు. ఖబ్రస్తాన్ ప్రహరీ గురించి మూడు మీటింగుల్లో అదే వాక్యం రాసుకున్నాం. మూడుసార్లూ టీ తాగాం, దువా చేశాం, ఇళ్లకు వెళ్లాం. గోడ మాత్రం అక్కడే ఆగింది.

ఉలమా ఎదుట నేను ఖురాన్ గురించి మాట్లాడటం బాగుండదు. అయినా అందరికీ తెలిసిన ఒక సంగతి గుర్తు చేస్తాను, తప్పుంటే మౌలానా సాబ్ సరిదిద్దుతారు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఆయత్ దేని గురించి? సూరె బఖరాలో 282వది. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని చెప్పే ఆయత్ అది. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోవటానికి విసుక్కోవద్దని అందులో ఉంది. నాకు ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. వ్యాపారస్థుల కోసం అనుకునేవాణ్ని. సంగడిగుంట చెల్లెలు గడప దగ్గర నిలబడ్డాక నాకు వేరేగా అర్థమైంది. కమిటీ మంజూరు చేసిన క్షణం నుంచి ఆ 18,000 ఆమెకు మనం పడ్డ బాకీ. దానికి గడువు కూడా ఉంది. రాసుకోని బాకీ ఏమవుతుందో బజారులో కూర్చునే మీకు నేను చెప్పాలా?

ఇక "ఇన్షా అల్లాహ్" మాట. రేపు ఈ పని చేస్తానని అనేటప్పుడు అల్లాహ్ తలిస్తే అని చేర్చమని మనకు నేర్పారు. అంటే మొదట "రేపు ఈ పని చేస్తాను" అన్న మాట ఉండాలి. మనం ముందు భాగం వదిలేసి వెనక భాగం ఒక్కటే వాడుతున్నాం. ఎవరైనా "భాయ్, మా అబ్బాయి సంగతి" అంటే "ఇన్షా అల్లాహ్, చూద్దాం" అంటాం. వినేవాడికి కూడా అర్థమైపోతుంది, ఇది కాని పని అని. అంత పవిత్రమైన మాటను "కాదు" అనటానికి మర్యాదపూర్వకమైన పదంగా మార్చేశాం.

సరే, ఆ తరువాత ఏం చేశాం అన్నది చెప్తాను. మొదట నేను చేసింది కూడా తప్పే. మా మనవడు నా ఫోన్‌లో ఒక యాప్ వేసి పెట్టాడు. గుర్తొచ్చిన పనల్లా అందులో ఎక్కించాను. ఖబ్రస్తాన్ గోడ, స్కాలర్‌షిప్పులు, ఇమామ్ సాబ్ ఇంటి కప్పు, మా ఇంటి కరెంటు బిల్లు, అన్నీ. నెల తిరిగేసరికి అరవై పైన అయ్యాయి. తెరిస్తే ఎర్ర చుక్కలు. పదో రోజు నుంచి తెరవటం మానేశాను. జాబితా లేకపోతే మరిచిపోతాం, మరీ పెద్ద జాబితా ఉంటే చూడం. పేదవాడికి రెండిటికీ తేడా లేదు.

అప్పుడు షాపులో పొడుగు నోటుపుస్తకం ఒకటి కొన్నాను. అదే ఇప్పుడు ఆఫీసు బల్ల మీదుంది. రోజుకో పేజీ. ఇషా తరువాత మరుసటి రోజు పనులు రాస్తాను, ఆరు గీతలకు మించకుండా. ఒక్కో గీతలో పని, ఎవరు చేస్తారు, ఏ వేళ లోపు అన్నవి ఉంటాయి. చివర కొంచెం ఖాళీ. మరుసటి సాయంత్రం ఆ ఖాళీలో జవాబు రాయాలి. అయితే కొట్టెయ్యాలి. కాకపోతే, పోస్టుమ్యాన్ రాసినట్టే, ఎందుకు కాలేదో రాయాలి.

ఆరే ఎందుకు అంటారు. లెక్కేం లేదు, నా వయసుకు ఆరు. మా కార్యదర్శి పదిదాకా చేయగలడు. ఎక్కువ రాసి సగం కొట్టేసే వాడికన్నా, తక్కువ రాసి అన్నీ కొట్టేసే వాడు రెండో రోజు కూడా పుస్తకం తెరుస్తాడు. చిన్నదైనా ఆగకుండా చేసే అమల్ అల్లాహ్‌కు ఇష్టమని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పినట్టు సహీ బుఖారీలో ఉందని ప్రతి జుమాలో వింటూనే ఉన్నాం. వినటం వేరు, ఆరుతో ఆపటం వేరు. చెయ్యి ఏడోది రాయాలని లాగుతుంది.

ఇక వేళ సంగతి. గడియారం చూసి "11.20కి ఈ పని" అని రాసుకునే అలవాటు మనలో చాలామందికి లేదు, నాకూ లేదు. కానీ మనకు రోజును అయిదు భాగాలు చేసి ఇచ్చారు. మిగతావాళ్లు పుస్తకాలు చదివి నేర్చుకునేది మనకు అజాన్ రోజుకు అయిదుసార్లు చెప్తోంది. ఫజర్ తరువాత వీధి లేవక ముందు రాతపని. జుహర్ లోపు బ్యాంకు, సచివాలయం, కాలేజీ, అంటే తలుపులు మూసేసే చోట్ల పనులన్నీ. జుహర్ తరువాత ఫోన్లు. చలికాలంలో అసర్ నుంచి మగ్రిబ్ దాకా గంటన్నర కూడా ఉండదు, అందులో ఇళ్లకు వెళ్లి ఇచ్చి వచ్చే పని ఒక్కటే పెట్టుకుంటాను. "సాయంత్రం వస్తా" అంటే ఎవరూ నమ్మరు. "అసర్ చదివి నేరుగా మీ ఇంటికే" అంటే ఆమె పిల్లవాణ్ని ఇంట్లో ఉంచుతుంది.

గీత రాయటంలోనే అసలు కిటుకు ఉంది. మొదట్లో నేను "స్కాలర్‌షిప్పులు" అని రాసేవాణ్ని. అది పని కాదు, పనుల మూట. ఆ మూటను చూడగానే మనసు పక్కకు పోతుంది. దాన్ని విప్పి చూస్తే ఏముంది? ఆదాయ ధ్రువపత్రం కోసం వార్డు సచివాలయంలో అర్జీ. బీసీ-ఈ కింద వచ్చే పిల్లలకు కుల ధ్రువపత్రం. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసిందా లేదా చూడటం. కాలేజీ నుంచి బోనఫైడ్. ఆ తరువాతే ఆన్‌లైన్ అర్జీ. అప్పుడు కూడా ఓటీపీ తండ్రి ఫోనుకు వస్తుంది, తండ్రేమో లారీ మీద నాగపూర్ వెళ్లుంటాడు. ఆఖరి రోజు రాత్రి పన్నెండింటికి నెట్ సెంటర్లో కూర్చుని ఏడ్చే తల్లుల్ని నేను చూశాను. వాళ్లలో ఎవరికీ అర్హత లేక కాదు. అయిదు చిన్న పనులను ఒకే పెద్ద పని అనుకోవటం వల్ల.

ఇప్పుడు మన కుర్రాళ్లకు సీజను ముందే చెప్తున్నాం. "స్కాలర్‌షిప్పులు చూడండి" అనం. ఈ రోజు మూడు ఇళ్లు, ఖాతాకు ఆధార్ కలిసిందా అని ఒక్కటే కనుక్కుని రండి అంటాం. మూడు ఇళ్లంటే ఏ కుర్రాడూ కాదనడు. పది రోజుల్లో ముప్పై ఇళ్లు. లారీ తండ్రి ఊళ్లో ఎప్పుడుంటాడో ముందే రాసుకొస్తారు, ఆ రోజే అర్జీ పెట్టిస్తాం.

ఇదేదో కొత్త విద్య అనుకోకండి. మన మదరసాలో హిఫ్జ్ చేసే పిల్లల్ని చూడండి. మదీనా ముద్రణ ముస్హఫ్‌లో 604 పేజీలు. ఏ పదేళ్ల పిల్లవాణ్నయినా కూర్చోబెట్టి 604 పేజీలు కంఠస్థం చెయ్యి అంటే పారిపోతాడు. హాఫిజ్ సాబ్ ఆ మాట అనడు. ఈ రోజు సబఖ్ ఇంత అని నాలుగు లైన్లు చూపిస్తాడు. నిన్నమొన్నటివి సబ్ఖీ కింద అప్పజెప్పించుకుంటాడు. అంతకు ముందువి మంజిల్ కింద తిప్పిస్తాడు. రోజుకు అర పేజీ చొప్పున లెక్కేసినా మూడేళ్ల నాలుగు నెలలు. సెలవులూ జ్వరాలూ కలుపుకుంటే నాలుగేళ్లు. ఆ పిల్లవాడు వెనక్కి తిరిగి చూసుకుంటే మొత్తం ఖురాన్ గుండెలో ఉంటుంది. ఇన్ని వందల ఏళ్లుగా మన ఇళ్లలో జరుగుతున్న ఈ పద్ధతిని మనం ఖబ్రస్తాన్ గోడకు ఎందుకు వాడలేదో నాకు అర్థం కాదు. రాయి, సిమెంటు, మేస్త్రీ కూలి కలిపి పది అడుగులకు ఎంతవుతుందో లెక్క కట్టించాం. ఇప్పుడు నెలకు పది అడుగులు లేస్తోంది. వెళ్లి చూడండి, ఈశాన్యం మూల దాకా వచ్చింది.

కమిటీలో ఒక పెద్దాయన నా పుస్తకం చూసి నొచ్చుకున్నారు. "ఖిద్మత్‌కు కూడా రిజిస్టరా? మనమేమన్నా ఆఫీసా? నియ్యత్ మంచిదైతే చాలదా?" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఆయన చేసిన సేవలో నేను సగం చేయలేదు. కానీ ఆ చెక్కు జేబులో పెట్టుకున్న రోజు నా నియ్యత్‌లో ఏ లోపమూ లేదు. అనుభవం ఉన్నవాళ్లకు జాబితా అక్కర్లేదన్నది కూడా భ్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం ఒక చెక్‌లిస్టు తయారుచేసింది. మొత్తం 19 అంశాలు. రోగి పేరు అడిగారా, ఏ పక్క ఆపరేషన్ చెయ్యాలో గుర్తు పెట్టారా, చివర్లో దూది, సూదులు లెక్క చూశారా, ఇలాంటివి. పెద్ద సర్జన్లకు ఇవి తెలియవా? ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూశారు, మన ఢిల్లీలోది కూడా ఒకటి. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. కత్తి పట్టిన చేయి మారలేదు, కాగితం ఒకటి చేరింది.

ఇందులో ఒక మాయ ఉంది, అది కూడా చెప్పాలి. గీతలు కొట్టెయ్యటం రుచి మరిగాక మనిషి సులువైనవే రాసుకుంటాడు. నేనూ చేశాను. "ఆఫీసు బల్ల తుడిపించాలి", కొట్టేశాను. "బ్యానరుకు ఫోన్", కొట్టేశాను. సాయంత్రానికి అయిదు కొట్టివేతలు, ఆరోది అలాగే ఉంది. ఆ ఆరోదే ఒక ముసలాయన డయాలసిస్ మందుల సంగతి. అందుకని ఇప్పుడు రాసేటప్పుడు ఒక్కటే అడుగుతాను: ఇది ఒక్క రోజు ఆలస్యమైతే ఎవరికైనా దెబ్బ తగులుతుందా? తగిలేదాన్ని పైన రాస్తాను. అదే తంతి.

మూడు రోజులు వరసగా కొట్టెయ్యలేకపోయిన గీత ఉంటే, నాలుగో రోజు దాన్ని మళ్లీ మోసుకెళ్లను. ఆగి చూస్తాను. అది మరీ పెద్దదైతే ముక్క చేస్తాను. మన చేతిలో లేనిదైతే ఆ మనిషికి ఫోన్ చేసి "అమ్మా, ఇది మావల్ల కాదు, ఇంకో చోట ప్రయత్నించండి" అని చెప్పేస్తాను. ఈ రెండో పని చాలా కష్టం. దాతల ముందు చెప్తున్నాను, పోయిన ఏడాది కొంతమందికి ఇలా కాదన్నాం, మీకు ఫిర్యాదులు వచ్చే ఉంటాయి. కానీ కాదని తెలిసినవాడు మరుసటి రోజే ఇంకో తలుపు తట్టగలడు. "చూద్దాం" అన్న మాట పట్టుకున్నవాడు మన గడప దగ్గరే ఉండిపోతాడు.

ఇప్పుడు మీ జాబితా సంగతికి వస్తాను. ఇది మాత్రం నేను అడుక్కునే భాగం.

మన జకాత్ రాబడిలో ఎక్కువ భాగం రంజాన్‌లోనే వస్తుంది, అందులోనూ చివరి పది రోజుల్లో. ఖర్చు మాత్రం జూన్, జులైలో, బడులూ కాలేజీలూ తెరిచాక. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో మన దగ్గర మార్చి 12న మొదటి రోజా, 2025లో మార్చి 2న. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో. 2030లో అయితే జనవరిలో ఒకటి, డిసెంబరులో మరొకటి, ఒకే ఏడాదిలో రెండు రంజాన్లు మొదలవుతాయి. అంటే వచ్చే కొన్నేళ్లు డబ్బు వచ్చే నెలకీ, ఫీజు కట్టే నెలకీ మధ్య దూరం పెరుగుతూనే ఉంటుంది. వచ్చిన జకాత్‌ను అన్ని నెలలు అట్టేపెట్టటం మాకూ ఇష్టం లేదు. ముందే పంచేస్తే జూన్‌లో చెయ్యి ఖాళీ.

రంజాన్‌లో ఇవ్వొద్దని కాదు, ఆ సవాబు మీకు నేను కాదనగలనా. కానీ జకాత్ బాకీ పడేది మీ ఆస్తి నిసాబ్‌కు చేరి చాంద్రమానం ప్రకారం ఏడాది నిండిన రోజున. ఆ తేదీ మీలో ఎంతమంది రాసుకున్నారు? రాసుకున్నవాళ్లకు సంగతి తేలిక. ఏడాది నిండకముందే అంచనా వేసి నెలనెలా కొంత ఇచ్చి, చివర్లో లెక్క సరిచూసుకోవచ్చని ఉలమా చెప్తారు. మీ ఆలిమ్‌ను అడిగి నిర్ధారించుకోండి. ఏడాదికి 24,000 ఇచ్చే భాయ్ నెలకు 2,000 పంపితే, రంజాన్ చివరి వారంలో ఆయనకూ ఊపిరాడుతుంది, జూన్‌లో మాకూ ఊపిరాడుతుంది. కిరాణా షాపు నడిపే ఒకాయన గల్లాలో విడిగా ఒక డబ్బా పెట్టాడు. రోజూ షాపు కట్టేటప్పుడు 50 రూపాయలు వేస్తాడు. ఏడాదికి ఎంతవుతుందో ఆయన లెక్క వేసుకోలేదు, నేను వేసి చెప్తే నమ్మలేదు. 18,000 దాటుతుంది. ఆ అంకె చూడగానే నాకు ఏది గుర్తొచ్చిందో మీరే ఊహించుకోండి.

పెద్దవాళ్లకు ఇంకొకటి. రాయాల్సిన వసీయత్ ఉన్న ముస్లిం అది రాయకుండా రెండు రాత్రులు గడపకూడదని హదీసు. మనం రెండు రాత్రులు కాదు, ఇరవై ఏళ్లు గడుపుతున్నాం. ఎవరికి ఎంత బాకీ, ఎవరి నగలు మన బీరువాలో ఉన్నాయి, కట్టని జకాత్ ఏ ఏడాదిది, ఇవి ఒక కాగితం మీద పెట్టండి. పోయినాక పిల్లలు కొట్టుకున్న ఇళ్లు మన పేటలోనే ఎన్ని చూశాం. ఇదొక్కటి ఈ రాత్రికే రాయగలరు.

సంగడిగుంట అమ్మాయి సంగతి అడుగుతారని తెలుసు. మరుసటి ఏడాది మళ్లీ అర్జీ పెట్టుకుంది, ఇంకో కాలేజీలో సీటు వచ్చింది. ఆ ఫీజు నేను స్వయంగా వెళ్లి, ఆఖరి తేదీకి తొమ్మిది రోజుల ముందు కట్టి, రసీదు వాళ్లమ్మ చేతికిచ్చాను. ఇప్పుడు మూడో ఏడు చదువుతోంది. నాతో బాగానే మాట్లాడుతుంది, చాచా అంటుంది. కానీ పోయిన రంజాన్‌కు ఇఫ్తారీ పట్టుకెళ్లినప్పుడు తన క్లాసు పిల్లలందరికన్నా తాను ఒక ఏడాది పెద్దదాన్నని నవ్వుతూ అంది. నాకు నవ్వు రాలేదు.

నా టైము అయిపోయిందని అధ్యక్షుల వారు చీటీ పంపారు. ఈ రోజు పేజీ తెచ్చాను, చదివేసి దిగిపోతాను. మైకు, కుర్చీలు, అయింది. మౌలానా సాబ్‌ను బస్టాండు నుంచి తీసుకురావటం, అయింది. పిల్లలకు బహుమతులు, ఇందాకే అయింది. నా ప్రసంగం పదిహేను నిమిషాల్లో ముగించాలి, ఇది కాలేదు, కారణం అందరూ చూస్తున్నారు. టెంటు అతనికి మిగతా డబ్బు మగ్రిబ్ లోపు ఇవ్వాలి, నేనే. ఆనందపేట ముసలాయన మందులు, కార్యదర్శి, మగ్రిబ్ తరువాత నేరుగా. ఆయన అదుగో, ఆ చివర నిలబడి చెయ్యెత్తారు, మందుల సంచి చేతిలోనే ఉంది. అజాన్‌కు ఇంకా ఇరవై నిమిషాలుంది, టెంటు అతను వెళ్లిపోక ముందు నేను కిందికి దిగాలి.

వస్సలాము అలైకుమ్.